ఇంజను ఊపిరి గొట్టాలు

శీర్షిక: ఇంటి వాహనం

గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడం అని మన పెద్దలు ఒక మాట అంటూ ఉంటారు. ఇంటి వాహనం నిర్వహణలో ఈ మాట ఎంత సత్యమో తెలియజెప్పే భాగాలు ఇంజనులో అనేకం ఉన్నాయి. వాటిలో ముఖ్యమైన ఒక దానిని ఈ నెల పాఠకుల దృష్టికి తీసుకొని రాదలచాము. అది బొటనవ్రేలి లావు, జానెడు పొడవు గల నల్లని రబ్బరు గొట్టం. మెకానిక్కులు దీనిని బ్రీదర్ పైపు అంటారు. చాలా కార్లలో ఇటువంటివి రెండు ఉంటాయి. క్రాంక్‌కేసులో చేరే దుష్ట వాయువులను బయటకు లాగి, శుభ్రమైన గాలిని లోపలికి పంపడం వీటి పని. ఇవి పగిలినా, పూడుకొనిపోయినా మనకు వెంటనే తెలియదు. తెలిసే నాటికి ఆయిలు సీళ్ళు కారడం, ఇంజను కుదుపులతో తిరగడం, ఆయిలు చెడిపోవడం వంటి పెద్ద రోగాల రూపంలో తెలుస్తుంది. అందువలననే వీటి గురించి కొంత వివరంగా తెలుసుకొనడం అవసరం.

క్రాంక్‌కేసులో వాయువులు ఎందుకు చేరుతాయి?

సిలిండరులో పిస్టన్ పైకీ క్రిందికీ కదులుతూ ఉంటుంది. పిస్టనుకూ సిలిండరు గోడకూ నడుమ గల సన్నని సందును రింగులు మూసి ఉంచుతాయి. అయితే ఆ మూత సంపూర్ణమైనది కాదు. క్రొత్త ఇంజనులో సైతం మిశ్రమం మండినప్పుడు పుట్టే తీవ్రమైన పీడనం వలన కొంత వాయువు రింగులను దాటి క్రిందికి జారుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నదనుకుందాము. అప్పుడు ఒక్కొక్క సిలిండరులో సెకనుకు 25 సార్లు, మొత్తం ఇంజనులో సెకనుకు 100 సార్లు మిశ్రమం మండుతుంది. ప్రతిసారీ జారేది అత్యల్పమే అయినా, సెకనుకు వందసార్లు జారినప్పుడు అది అల్పం కాదు.

ఇలా జారిన వాయువులో మండని పెట్రోలు ఆవిరి, మండగా మిగిలిన పొగ, నీటి ఆవిరి కలిసి ఉంటాయి. పెట్రోలు మండితే నీరు ఎక్కడిదని కొందరికి సందేహం కలుగవచ్చు. పెట్రోలులోని ఉదజని గాలిలోని ప్రాణవాయువుతో కలిసినప్పుడు నీరు ఏర్పడుతుంది. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండితే ఇంచుమించు ఒక లీటరు నీరు పుడుతుంది. అందులో అత్యధిక భాగం ఆవిరిగా సైలెన్సరు గుండా బయటకు పోతుంది. స్వల్ప భాగం మాత్రం రింగులను దాటి ఆయిలు ఉన్న సంప్ పైకి చేరుతుంది.

ఈ వాయువులకు బయటకు పోయే దారి లేకపోతే రెండు అనర్థాలు కలుగుతాయి. మొదటిది, క్రాంక్‌కేసులో పీడనం పెరిగి ఆయిలును సీళ్ళ గుండా బయటకు నెట్టడం. రెండవది, నీరు, పెట్రోలు, మసి ఆయిలులో కలిసి దానిని జిగట మడ్డిగా మార్చడం. ఇంజనుకు ఆయిలు రక్తం వంటిదైతే, ఈ గొట్టాలు ఊపిరి వంటివి. ఊపిరి ఆడనిదే రక్తం శుభ్రపడదు గదా!

ఒకప్పుడు ఏమి చేసేవారు?

పూర్వపు కార్లలో ఈ సమస్యకు తేలికైన ఉపాయమే ఉండేది. క్రాంక్‌కేసు నుండి ఒక ఇనుప గొట్టాన్ని నేల వైపునకు తెరచి వదిలేవారు. కారు ముందుకు సాగుతున్నప్పుడు ఆ గొట్టం చివర గాలి వేగంగా వీచి లోపలి వాయువులను లాగివేసేది. కారు నిలిచి ఉన్నప్పుడు మాత్రం ఆ లాగుడు ఉండేది కాదు. పైగా మండని పెట్రోలు ఆవిరి నేరుగా వీధిలో కలిసేది. పాత తరం కార్లను ఎరిగిన మన పెద్దలకు కారు నిలిపిన చోట నేలపై పడే నల్లని ఆయిలు చుక్కలు గుర్తుండే ఉంటాయి.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో వాగులు, వంకలు దాటవలసిన సైనిక వాహనాలకు నేల వైపు తెరచిన గొట్టం పనికి రాలేదు. నీరు లోపలికి చొరబడే ప్రమాదం ఉండేది. అందువలన క్రాంక్‌కేసు వాయువులను తిరిగి ఇంజను గాలి మార్గంలోకే మళ్ళించే మూసిన పద్ధతిని వాటిలో వాడారు. యుద్ధానంతరం అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరాన్ని పొగమంచు వంటి కాలుష్యం కమ్మివేసినప్పుడు, శాస్త్రవేత్త హాగెన్-స్మిట్ 1950ల ఆరంభంలో దానికి కారణం వాహనాల నుండి, చమురు శుద్ధి కర్మాగారాల నుండి వెలువడే ఆవిర్లు ఎండలో మార్పు చెందడమేనని చూపారు. అదుపులేని కారు నుండి వెలువడే పెట్రోలు ఆవిరిలో దాదాపు అయిదవ వంతు క్రాంక్‌కేసు నుండే వస్తున్నదని ఆ తరువాత తేలింది. ఫలితంగా 1961 మోడలు కార్లతో కాలిఫోర్నియాలోను, 1963 మోడలుతో అమెరికా అంతటను మూసిన పద్ధతి అమలులోకి వచ్చింది. వాహన కాలుష్య నివారణకు కార్లలో అమర్చిన తొలి సాధనాలలో ఇది ఒకటి. నేడు మన దేశంలోని బి.ఎస్.-6 ప్రమాణాల ప్రకారం క్రాంక్‌కేసు వాయువులను వాతావరణంలోకి వదలరాదు.

రెండు గొట్టాలు, ఒక వాల్వు

పెట్రోలు కారు బానెట్ ఎత్తి ట్యాపెట్ కవరును గమనించండి. సాధారణంగా దాని నుండి రెండు గొట్టాలు బయలుదేరుతాయి. ఒకటి ఎయిర్ ఫిల్టరుకూ థ్రాటిల్‌కూ నడుమ గల గాలి మార్గంలో కలుస్తుంది. దీని గుండా వడకట్టిన శుభ్రమైన గాలి క్రాంక్‌కేసులోకి ప్రవేశిస్తుంది. రెండవది థ్రాటిల్ దాటిన తరువాత ఉన్న ఇన్‌టేక్ మానిఫోల్డుకు చేరుతుంది. దీని గుండా లోపలి వాయువులు బయటకు లాగబడి, క్రొత్త మిశ్రమంతో కలిసి సిలిండరులో మండిపోతాయి. వృథాగా పోవలసిన పెట్రోలు ఆవిరి ఈ విధంగా మళ్ళీ ఇంజనుకే ఉపయోగపడుతుంది.

రెండవ గొట్టం మొదట్లో పి.సి.వి. వాల్వు అనే చిన్న కవాటం ఉంటుంది. ఇంజను నిలకడగా, అంటే ఐడిల్‌లో తిరుగుతున్నప్పుడు మానిఫోల్డులో పాదరసం కొలతలో 450 నుండి 500 మిల్లీమీటర్ల వరకు శూన్యం ఏర్పడుతుంది. అంతటి లాగుడుకు వాల్వులోని ముల్లు ముందుకు జరిగి దారిని ఇరుకు చేస్తుంది. లేనిచో అవసరానికి మించిన గాలి లోపలికి పోయి ఐడిల్ చెడుతుంది. రోడ్డుపై వేగంగా పోతున్నప్పుడు వాయువులు ఎక్కువగా పుడతాయి, మానిఫోల్డులో లాగుడు తగ్గుతుంది. అప్పుడు స్ప్రింగు ముల్లును వెనుకకు నెట్టి దారిని వెడల్పు చేస్తుంది. మానిఫోల్డులో పొరపాటున మంట వెనుకకు తన్నితే వాల్వు పూర్తిగా మూసుకొని క్రాంక్‌కేసును కాపాడుతుంది. ఒక స్ప్రింగు, ఒక ముల్లు చేసే ఈ సేవ ఎంతో మెచ్చదగినది.

డీజిలు ఇంజనులలో ఏర్పాటు కొంత భిన్నం. వాటిలో ఆయిలు తుంపరలను వేరుచేసే ఒక చిన్న గది ఉండి, మిగిలిన వాయువు టర్బోకు ముందున్న గాలి మార్గంలో కలుస్తుంది. గొట్టాల ప్రాముఖ్యం మాత్రం రెండింటిలోను ఒక్కటే.

పుదుచ్చేరిలో శ్రద్ధ ఎందుకు ఎక్కువ కావాలి?

మన పట్టణం చిన్నది. చుట్టూ బులెవార్డుల నడుమ గళ్ళు గీసినట్లున్న వీధులలో ఇల్లు, కార్యాలయం, పాఠశాల, గూబేర్ మార్కెట్టు అన్నీ రెండు మూడు కిలోమీటర్లలోనే ఉంటాయి. కారు తీసిన అయిదారు నిమిషాలకే గమ్యం వస్తుంది. రేడియేటరు నీరు వేడెక్కినంత త్వరగా ఆయిలు వేడెక్కదు. అది పూర్తి వేడికి రావాలంటే పావుగంట, ఇరవై నిమిషాల ప్రయాణమైనా ఉండాలి. ఆ వేడి రాకముందే ఇంజను ఆపివేస్తే, లోపల చేరిన నీటి ఆవిరి చల్లబడి చుక్కలుగా మారి ఆయిలులో కలుస్తుంది. మరునాడు మళ్ళీ అంతే. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల కాలంలో గాలిలో తేమ అధికమై ఈ పరిస్థితి మరింత పెరుగుతుంది. శీతల దేశాలలో వలె ఇక్కడ ఇది తీవ్రంగా ఉండకపోయినా, ఆయిలు మూత క్రింద పలుచని మీగడ వంటి పొర కనిపించడం మన ఊరిలో వింత కాదు.

రెండవ కారణం వేడి. మన వేసవిలో బానెట్ క్రింద వేడి రబ్బరును నిరంతరం కాలుస్తూ ఉంటుంది. లోపల ఆయిలు ఆవిరి, బయట వేడి, గాలిలోని ఓజోను, ఈ మూడూ కలిసి కొన్నేళ్ళలో గొట్టాన్ని పెళుసుగా మారుస్తాయి. సముద్రపు ఉప్పు గాలి రబ్బరుకు పెద్దగా హాని చేయదు గాని, గొట్టాన్ని పట్టి ఉంచే ఇనుప క్లిప్పులను త్రుప్పు పట్టిస్తుంది. క్లిప్పు వదులైతే గొట్టం నిక్షేపంగా ఉన్నా ప్రయోజనం లేదు.

మూడవది వరద. 2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి సమీపాన తీరం దాటినప్పుడు పట్టణంలోని పలు ప్రాంతాలు జలమయమైన సంగతి మనమందరం ఎరిగినదే. నీట మునిగిన కారులో ఆయిలు పాల రంగుకు మారితే, దానిని రోజువారీ తేమ వలన ఏర్పడే మీగడగా భావించరాదు. మునిగిన కారును స్టార్టు చేయకుండా లాగించి మెకానిక్కు వద్దకు చేర్చాలి. ఆయిలు మార్చడంతో పాటు బ్రీదర్ గొట్టాలలో, ఫిల్టరు పెట్టెలో నిలిచిన నీటిని తీయించి, ఆరబెట్టించిన తరువాతనే ఇంజనును తిప్పాలి.

రోగం ఒకటి, చికిత్స మరొకటి

ఈ గొట్టాల వలన కలిగే దోషాలు ముఖ్యంగా రెండు రకాలు. పగలడం, పూడుకొనడం.

మానిఫోల్డుకు పోయే గొట్టం పగిలితే లెక్కలోకి రాని గాలి ఇంజనులోకి చొరబడుతుంది. కొన్ని కార్లలో ఐడిల్ వేగం పెరుగుతుంది. మరికొన్నింటిలో ఇంజను కుదుపులతో తిరిగి, సిగ్నలు వద్ద ఆగిపోతుంది. ఇంజను లైటు వెలుగవచ్చు. బానెట్ ఎత్తి వింటే సన్నని ఈల వంటి ధ్వని వినిపించవచ్చు. ఫిల్టరు వైపు గొట్టం పగిలితే శబ్దమేమీ రాదు. అయితే వడకట్టని గాలితో బాటు ధూళి, సన్నని ఇసుక నేరుగా ఆయిలులోకి చేరి బేరింగులను అరగదీస్తాయి. కనిపించే దోషం కంటె ఈ కనిపించని దోషమే ప్రమాదకరం.

గొట్టం గాని వాల్వు గాని మడ్డితో పూడుకొనిపోతే, వాయువులు శుభ్రమైన గాలి వచ్చే గొట్టం గుండానే వెనుకకు తిరుగుతాయి. వాటితో బాటు ఆయిలు తుంపరలు చేరి ఎయిర్ ఫిల్టరు తడుస్తుంది. ట్యాపెట్ కవరు గాస్కెట్టు చెమరుస్తుంది. క్రాంకు వెనుక సీలు కారుతుంది. డిప్‌స్టిక్ పైకి ఎగదన్నుకొని వచ్చిన సందర్భాలు సైతం ఉన్నాయి.

ఇక్కడనే చాలా కుటుంబాలకు అనవసర వ్యయం సంభవిస్తుంది. ఫిల్టరులో ఆయిలు కనిపించగానే రింగులు పోయాయని, ఇంజను విప్పాలని చెప్పే వర్క్‌షాపులు లేకపోలేదు. మాకు తెలిసిన ఒక సహోద్యోగి కారు విషయంలో ఇదే జరిగింది. క్రాంకు సీలును రెండుసార్లు మార్చినా కారడం ఆగలేదు. చివరకు ఒక వయసు మళ్ళిన మెకానిక్కు పి.సి.వి. వాల్వును విప్పి చెవి వద్ద ఆడించి చూచి, ముల్లు కదలడం లేదని గుర్తించారు. వాల్వు, గొట్టం మార్చిన పిదప క్రొత్త సీలు నిలిచింది. సీలు దోషం కాదు. లోపలి పీడనానికి దారి లేకపోవడమే దోషం. దారి ఇవ్వకుండా ఎన్ని సీళ్ళు మార్చినా ఫలితం ఒక్కటే.

అలాగని రింగులు ఎన్నటికీ అరగవని మా భావం కాదు. వాల్వు, గొట్టాలు శుభ్రంగా ఉన్నప్పటికీ బ్రీదర్ నుండి దట్టంగా పొగ వస్తూ, సైలెన్సరు నీలిపొగ విడుస్తూ ఉంటే రింగుల అరుగుదలను అనుమానించవలసినదే. అప్పుడు కంప్రెషన్ పరీక్ష చేయించిన తరువాతనే ఇంజను విప్పడానికి అంగీకరించాలి. ముందు చవకైన దానిని చూచి, తరువాత ఖరీదైన దాని వద్దకు పోవడం విజ్ఞుల లక్షణం.

ఇంటివద్ద చేయదగిన తనిఖీ

నెలకొక ఆదివారం ఉదయం, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, పది నిమిషాలు కేటాయిస్తే చాలు. ఇంటిల్లిపాదీ ఈ పనిలో పాల్గొనవచ్చు. పిల్లలకు ఇది మంచి పాఠం కూడా.

మొదట ఆయిలు మూతను విప్పి లోపలి వైపు చూడాలి. పలుచని ఆయిలు పొర ఉంటే క్షేమం. మీగడ పొర ఉంటే తేమ, నల్లని గట్టి మడ్డి ఉంటే ఊపిరి సరిగా ఆడడం లేదని అర్థం. రేడియేటరు నీరు కూడా తగ్గుతూ ఉంటే హెడ్ గాస్కెట్టును పరీక్షింపజేయాలి.

తరువాత గొట్టాలను వ్రేళ్ళతో నొక్కాలి. ఆరోగ్యకరమైన గొట్టం నొక్కితే లొంగి, వదలితే తిరిగి మొదటి ఆకారానికి వస్తుంది. నొక్కినప్పుడు పటపటమని పగుళ్ళు విచ్చినా, మెత్తగా ఉబ్బి జిగటగా తగిలినా దాని ఆయుష్షు తీరినట్లే. వంపుల వద్ద, క్లిప్పుల అంచుల వద్ద, క్రింది వైపున పగుళ్ళు ఎక్కువగా దాగి ఉంటాయి. ఒక చిన్న అద్దం క్రింద పెట్టి చూస్తే కనిపిస్తాయి.

వాల్వు విడిగా తీయదగిన కార్లలో దానిని తీసి ఆడిస్తే టిక్ టిక్ మని చప్పుడు రావాలి. రాకపోతే మార్చాలి. కొన్ని క్రొత్త కార్లలో వాల్వు ట్యాపెట్ కవరులోనే అమర్చి ఉంటుంది. అటువంటి వాటిని బలవంతంగా లాగరాదు. ఇంజను నడుస్తూ ఉండగా చేయవలసిన పరీక్షలను మెకానిక్కుకే వదలడం మేలు. తిరిగే బెల్టు, ఫ్యాను వద్ద చీర కొంగులు, ఓణీలు, చొక్కా చేతులు ప్రమాదకరం.

గొట్టం మార్చేటప్పుడు

ఇక్కడ పొదుపు పనికిరాదు. తోటకు నీరు పెట్టే ప్లాస్టిక్ గొట్టం ముక్కను కోసి తగిలించడం కొందరికి అలవాటు. అది ఇంజను వేడికి మెత్తబడి, మానిఫోల్డు లాగుడుకు చదునుగా అణిగి దారిని మూసివేస్తుంది. సాధారణ రబ్బరు ఆయిలు తగిలితే ఉబ్బుతుంది. ఆయిలును తట్టుకొనే నైట్రైలు వంటి ప్రత్యేక రబ్బరులతో చేసిన గొట్టం, అదే లోపలి కొలత గలది, అదే వంపుతో అచ్చుపోసినది కావాలి. కారు తయారీదారు విడిభాగమైతే మరీ మంచిది. క్లిప్పులను కూడా క్రొత్తవి వేయించాలి. బిగువు మితిమీరితే గొట్టం తెగుతుంది.

మరొక హెచ్చరిక. ఫిల్టరు పాడవుతున్నదని గొట్టాన్ని ఊడదీసి క్రిందికి వ్రేలాడదీయడం, కన్నానికి బిరడా కొట్టడం రెండూ తప్పే. మొదటిది మన పట్టణపు గాలిని చెరుస్తుంది, నిబంధనలకు విరుద్ధం కూడా. రెండవది ఇంజను గొంతు నులమడమే.

పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా కారు వారానికి రెండుసార్లు మాత్రమే, అదీ బజారు వరకు తీస్తాము. ఆయిలు మూత క్రింద మీగడ కడుతున్నది. ఆయిలు మార్చాలా?

జవాబు: ముందుగా గొట్టాలు, వాల్వు చూపించండి. అవి సరిగా ఉంటే వారానికొకసారి తూర్పు తీర రహదారిపై అరగంట పాటు నిలకడగా నడపండి. ఆయిలు వేడెక్కి తేమ ఆవిరై పోతుంది. కిలోమీటర్లు నిండకపోయినా, తయారీదారు చెప్పిన కాలపరిమితికి ఆయిలు తప్పక మార్చండి. కదలని కారుకు కూడా ఆయిలు ముసలిదవుతుంది.

ప్రశ్న: మా స్కూటరుకు కూడా ఇటువంటి గొట్టం ఉంటుందా?

జవాబు: ఉంటుంది. నాలుగు స్ట్రోకుల ఇంజను గల స్కూటర్లలో క్రాంక్‌కేసు వాయువులు ఫిల్టరు పెట్టెకు చేరుతాయి. కొన్నింటిలో అక్కడ చేరిన నీరు, ఆయిలు పోవడానికి చివర మూసిన చిన్న గొట్టం క్రింది వైపున ఉంటుంది. సర్వీసు సమయంలో, ముఖ్యంగా వానాకాలంలో, దానిని ఖాళీ చేయమని మెకానిక్కుకు గుర్తుచేయండి.

ముగింపుగా ఒక మాట. సంక్రాంతికి యానాం వైపునకు కార్లలో బయలుదేరే కుటుంబాలు మనలో ఉన్నాయి. చెన్నై, నెల్లూరు, విజయవాడల మీదుగా దాదాపు ఎనిమిది వందల కిలోమీటర్ల దారి. పట్టణంలో రెండు కిలోమీటర్లకు సర్దుకొనిపోయే పగిలిన గొట్టం, పూడిన వాల్వు అంత దూరం సర్దుకొనవు. వేగం మీద వాయువులు పెరిగి, కారే ఆయిలు మరింత కారి, రాత్రివేళ ఎర్ర లైటు వెలిగితే పసిపిల్లలతో, వృద్ధులతో రోడ్డు ప్రక్కన నిలవవలసి వస్తుంది. టైర్లలో గాలి, బ్రేకులు చూచుకొన్నట్లే ఈ రెండు గొట్టాలను కూడా బయలుదేరడానికి వారం ముందే చూపించుకొనవలసినదిగా మా మనవి.

గుర్తుంచుకోవలసినవి

ఆయిలు కారితే సీలు మార్చడానికి ముందు బ్రీదర్ గొట్టం, పి.సి.వి. వాల్వు చూపించాలి.

ఆయిలు మూతను నెలకొకసారి విప్పి చూడాలి.

పెళుసైన గొట్టాన్ని, ఉబ్బిన గొట్టాన్ని అతికించరాదు, మార్చాలి.

గొట్టాన్ని తెరచి వదలరాదు, బిరడా కొట్టరాదు.

చిన్న ప్రయాణాలే చేసే కారును వారానికొకసారి దూరం నడపాలి.

వచ్చే సంచికలో బ్రేకు ఆయిలు గురించి ముచ్చటించుకుందాము.